జీవమ్మత్త కట్టిన చుక్క

క్రిస్మస్‌కు మా ఊరి గుడి స్తంభం మీదికి ఎక్కే చుక్కను ఏటేటా కట్టేది మా జీవమ్మత్త. వెదురును దబ్బలుగా చీల్చేది ఆమె, మైదాపిండి ఉడికించి బంక కాచేది ఆమె, డోన్ నుంచి తెప్పించిన రంగు కాగితాన్ని కొసలు సరిపోయేట్టు అంటించేది ఆమె. ఆమె చేతిలో పడితే అయిదు కొమ్ములూ ఒక్క కొలతకు వస్తాయి. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసి మెచ్చుకుని పోతారు. కానీ ఆ చుక్కలో దీపం ముట్టించే వేళకు మా అత్త గోడ పక్కకు తప్పుకుని నిలబడాలి. కట్టడానికి పనికొచ్చిన చేతులు ముట్టించడానికి పనికిరావట.

ఈ ముట్టించడానికి మా నల్లగుండ్లపల్లెలో ఒక పద్ధతి ఉంది. క్రైస్తవుల ఇళ్ళు పదకొండు. ఏడాదికొక ఇంటికి వంతు. ఇరవై నాలుగో తేదీ దీపాలు పెట్టే వేళకు, వంతు వచ్చిన ఇంట్లోని పెద్ద ఆడమనిషి గుడి ముందర లాంతరు ముట్టించి చుక్కలో పెడుతుంది. మగవాళ్ళు తాడు లాగి స్తంభం కొసకు ఎక్కిస్తారు. పాస్టరు ఆ ఇంటి పేరూ ఆ మనిషి పేరూ చెప్పి ప్రార్థన చేస్తాడు. ఆ పేరు ఏడాదంతా నిలుస్తుంది. ఫలానా అమ్మ చుక్క ముట్టించిన ఏడు అని పుట్టిన పిల్లల లెక్కలు, కట్టిన మిద్దెల లెక్కలు చెప్పుకుంటారు.

మా అమ్మ నా నాలుగో ఏట పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో పెద్ద ఆడమనిషి మా నాయన చెల్లెలు జీవమ్మత్తే. నన్ను పెంచింది ఆమే. అమ్మ పోయాక రెండు సార్లు మా ఇంటికి వంతు వచ్చింది. రెండు సార్లూ మా గడప దాకా వచ్చి పక్కింటికి పోయింది. పక్కిల్లు సంఘపెద్ద లేవిది. ముట్టించింది అతని తల్లి హంపమ్మవ్వ.

కారణం అడిగితే ఊరంతా ఒకే గొంతుతో చెబుతుంది. మా అత్త తోకచుక్క పుట్టిన ఏడాది పుట్టింది. పుట్టిన మూడో రోజు ఆమె తల్లి పోయింది. ఆ ఎండాకాలం ఊళ్ళో కలరా వచ్చింది. హంపమ్మవ్వ అప్పుడు కొత్త కోడలు. "ఈ బిడ్డ తోకచుక్క పిల్ల" అని నోరు జారింది. ఆ మాట అంతే అతుక్కుపోయింది. పెళ్ళి చేసుకుంటామని ఎవరూ రాలేదు. పెళ్ళిళ్ళకు వంట చేయడానికి పిలుస్తారు, పందిట్లోకి మాత్రం పిలవరు. ఏసుప్రభువును నమ్ముకుని మూడు తరాలయింది మా వాళ్ళకు. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ శకునాల్ని భద్రంగా మూట కట్టి తెచ్చుకున్నారు.

పోయిన ఏడాది, పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, వంతు మళ్ళీ మా ఇంటికి వచ్చింది.

నేను అప్పటికి మా ఊరి మిషన్ బడిలో టీచరుగా చేరి అయిదేళ్ళు. కడపలో ట్రైనింగ్ చదివే రోజుల్లో అక్కడి లైబ్రరీలో ఒక ఖగోళశాస్త్రం పుస్తకం దొరికితే అట్ట ఊడేదాకా చదివాను. హేలీ అనే ఇంగ్లీషాయన ఒక తోకచుక్క దారి లెక్క కట్టి, ఇది మళ్ళీ ఫలానా కాలానికి వస్తుందని చెప్పి, అది చూడకుండానే చనిపోయాడు. చెప్పినట్టే అది వచ్చింది. పెద్ద పెద్ద పండితులు దుర్భిణీలు పెట్టుకుని వెతుకుతుంటే, దాన్ని అందరికన్నా ముందు చూసింది జర్మనీ దేశంలో ఒక రైతు. ఏ రోజు చూశాడు? క్రిస్మస్ రాత్రి. పదిహేడు వందల యాభై ఎనిమిది డిసెంబరు ఇరవై అయిదు. అంటే పోయిన క్రిస్మస్‌కు సరిగ్గా రెండు వందల ఏళ్ళు.

వంతు, రెండు వందల ఏళ్ళ పండగ రెండూ ఒక్కసారే వచ్చి పడ్డాయి. దేవుడే కలిపాడనుకున్నాను. తోకచుక్క అంటే ఏమిటో సంఘానికి అర్థమయ్యేట్టు చెబితే చాలు, మా అత్త చేతికి అగ్గిపెట్టె వస్తుందనుకున్నాను. అయిదేళ్ళుగా ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూ కూడా అంత అమాయకంగా ఎట్లా ఉన్నానో నాకే తెలియదు.

మొదట పాస్టరు గాబ్రియేలు గారి దగ్గరికి పోయాను. ఆయన మంచివాడే. ఎవరికీ కాదని చెప్పడు, ఎవరికీ అవునని కూడా చెప్పడు.

"అయ్యగారూ, ఆదివారం ఆరాధన అయినాక నాకు కొంచెంసేపు మాట్లాడే అవకాశం ఇయ్యండి. రెండు వందల ఏండ్ల పండగ చేద్దాం," అన్నాను.

"పండగా? దేనికమ్మా?"

"తోకచుక్కకు."

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. "గుళ్ళోనా టీచరమ్మా?"

"క్రిస్మస్ రాత్రే కనపడింది అయ్యగారూ. ఒక రైతు చూసినాడు. మన మాదిరి సేద్యం చేసుకునేటోడు."

"చూద్దాం. లేవిని గూడ ఒక మాట అడుగుదాం. ప్రార్థన చేద్దాం," అన్నాడు. ఆయన చూద్దాం అంటే ఎదురు చూడాల్సింది మనం. మూడు సార్లు తిరిగితే, ఆదివారం ఆరాధన తర్వాత మాట్లాడుకోమన్నాడు.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె పెరట్లో కూర్చుని కొడవలితో వెదురు చీలుస్తోంది.

"నీకేమన్న పని లేదా పాపా? వాళ్ళతో ఏల పెట్టుకుంటావు," అంది తలెత్తకుండానే.

"ఈ తూరి నువ్వే ముట్టియ్యాల."

"కట్టేదానికి పిలుస్తాండారు గదా. అది చాల్లే."

అదిగో, అక్కడే నాకు ప్రాణం విసిగేది. ఊరివాళ్ళ మీద కోపం ఒక ఎత్తు, ఈమె మీద కోపం ఇంకొక ఎత్తు. పొయ్యి దగ్గర కూర్చున్న మా నాయన పుల్లన్న వైపు చూశాను. ఆయన బీడీ వెలిగించుకుని, "ఊరోళ్ళతో మనకేల పాపా" అన్నాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే మట్టితో చేసినవాళ్ళు.

కాసేపటికి అత్తే అడిగింది. "ఆ జర్మనీ ఆయప్ప ఏం పండించేటోడు?"

"ఉర్లగడ్డలంట."

"తోకచుక్కను చూసినందుకు ఊర్లో ఏమన్న అనిరా ఆయప్పను?"

"యాల అంటారత్తా? మెచ్చుకున్యారు. గొప్పగొప్పోళ్ళంతా ఆయప్ప ఇంటికొచ్చి పలకరించి పోయినారంట."

అత్త చేతిలో కొడవలి ఆగింది. "చూసినోనికి మర్యాదలు జేసిరా," అంది. తర్వాత దబ్బను మోకాలి మీద పెట్టి నునుపు చేసుకుంటూ కూర్చుంది.

ఆదివారం వచ్చింది. బడి నల్లబల్లను గుళ్ళోకి మోయించాను. సూర్యుణ్ణి గీశాను, భూమిని గీశాను, కోలగా సాగిన తోకచుక్క దారి గీశాను. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క బండల మీద కూర్చున్నారు. మా అత్త రాలేదు, చుక్క కట్టాలని ఇంట్లోనే ఉండిపోయింది. గొంతు పోయేట్టు చెప్పాను. అది దేవుని కోపం కాదు, దయ్యం కాదు, దుమ్మూ మంచూ కలిసిన ముద్ద. కర్నూలు బస్సు మన ఊరి మీదుగా పోయి మళ్ళీ తిరిగి వచ్చినట్టు, డెబ్బై అయిదు, డెబ్బయ్యారేళ్ళకు ఒకసారి వస్తుంది, పోతుంది. మన కోసం రాదు, మన మీదికి రాదు.

"మన బస్సు టయానికి యాడొస్తాది టీచరమ్మా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"రష్యావోళ్ళు కుక్కను పంపించింది ఈ చుక్కలోనేనా?" అన్నారు ఇంకొకరు.

నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపించింది. కుక్క సంగతి వేరు, ఇది వేరు అని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. లేవి మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని, బల్ల మీది గీతను చూస్తూ శ్రద్ధగా విన్నాడు. ఒక్కడైనా వింటున్నాడని నాకు ప్రాణం లేచి వచ్చింది.

"టీచరమ్మా, ఒక మాట," అన్నాడు. "ఇది మల్ల వస్తాదని లెక్క ఉండాదా? కచ్చితంగా?"

"కచ్చితంగా ఉండాది లేవి మామా. పందొమ్మిది వందల పదిలో వచ్చింది. ఎనభై ఆరులో మల్ల వస్తాది."

లేవి వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. మొహం విప్పారింది. లేచి నిలబడి సంఘం వైపు తిరిగాడు.

"ఇన్నారు గదా. ఇన్నాళ్ళూ మనకు తెలీక పాయె. ఆ చుక్క మల్ల వచ్చి దాని దోషం అది ఎత్తుకొని పోతాది. పాపం జీవమ్మకు జన్మంతా ఉండాదనుకుంటిమి. ఎనభై ఆరు దాటితే ఆయమ్మ గూడ చుక్క ముట్టియ్యొచ్చు. సదువుకున్న బిడ్డ చెప్పబట్టి తెలిసె."

గుడి అంతా హమ్మయ్య అన్నట్టు తలలూపింది. "దేవునికి స్తోత్రం" అని కూడా ఒకరన్నారు. సుద్దముక్క నా చేతిలోనే పిండి అయిపోయింది. నేను చెప్పింది ఏమిటి, వీళ్ళకు ఎక్కింది ఏమిటి? ఇంతకాలం దోషం అనేది ఊళ్ళో పుట్టిన ఒక పుకారు. నేను పోయి దానికి గడువు, తేదీ, శాస్త్రం ఆధారం అన్నీ సమకూర్చి పెట్టాను.

"దోషమే లేదని కదా నేను చెప్తాండేది!" అని అరిచాను.

అప్పుడు హంపమ్మవ్వ ఆడవాళ్ళ మధ్య నుంచి కట్టె ఊతంగా లేచింది. "లేదంటే ఎట్ల పాపా? నేను కండ్లారా చూసినదాన్ని. జొన్న కోతలప్పుడు, పొద్దు గుంకినాక, పడమటి దిక్కున. ఇంత తోక. చేన్లో కొడవలి పడేసి ఇంటికి ఉరికితి. ఆ వారమే జీవమ్మ పుట్టె."

జొన్న కోతలు. అంటే జనవరి. నా నోరు తెరుచుకుంది.

హేలీ తోకచుక్క మనకు కనబడింది ఆ ఏడాది ఎండాకాలంలో. జనవరిలో వచ్చింది అది కాదు. ఆ ఏడాది దానికన్నా ముందు ఇంకొకటి, దానికన్నా మెరుపైనది, చెప్పాపెట్టకుండా వచ్చి పోయింది. చాలా మంది దాన్నే చూసి హేలీని చూశామనుకున్నారని నేను చదివిన పుస్తకంలో ప్రత్యేకంగా రాసి ఉంది. ఈ ఊరు నలభై ఎనిమిదేళ్ళుగా భయపడుతున్నది అసలు వేరే తోకచుక్కకు. అది మళ్ళీ రావాలంటే వేల వేల ఏళ్ళు పడుతుంది.

ఆ మాట నాలుక కొస దాకా వచ్చింది. బడిలో పిల్లలు రెండు మూళ్ళు ఏడంటే ఊరుకునే దాన్ని కాదు నేను. కానీ లేవి వేళ్ళు మడిచి నా మొహంలోకే చూస్తున్నాడు, ఇంకేమైనా లెక్క చెబుతానేమోనని. నిజం చెబితే ఎనభై ఆరు గడువు కూడా పోతుంది. దోషం వేల ఏళ్ళకు సాగుతుంది. నోరు మూసుకున్నాను. తెలిసిన నిజం చెప్పకుండా మింగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

"అయితే ఈ తూరి ఏం చేద్దాం?" అన్నాడు పాస్టరు గారు, ఎవరి వైపూ చూడకుండా.

"టీచరమ్మే ముట్టిస్తాది," అన్నాడు లేవి. "మీ ఇంటి వంతు మీ ఇంట్లోనే ఉంటాది. సరేనా పాపా?"

"సరికాదు. నన్ను సాకిన చెయ్యి పనికిరాదు గానీ, ఆ చేతి కూడు తిన్న నేను పనికొస్తానా?"

"కోపం ఏలమ్మా? నీకొద్దంటే మా అమ్మ ముట్టిస్తాది."

ప్రార్థనతో సభ ముగించారు. మా వాళ్ళు ఏ సంగతైనా ప్రార్థనతోనే ముగిస్తారు. దేవుడు లేచి అడ్డు చెప్పడని వాళ్ళకు బాగా తెలుసు.

ఇంటికి వచ్చేసరికి సంగతంతా నాకన్నా ముందే మా ఇల్లు చేరింది. అత్త బంక కాస్తోంది.

"ఎనభై ఆరంట గదా," అంది.

"నువ్వు ఈ ఏడు చుక్క కట్టొద్దు. వాళ్ళే కట్టుకోనీ. అప్పుడు తెలుస్తాది."

"కడతా."

"యాల కడతావు? సిగ్గు లేదా అత్తా మనకు? వాళ్ళు గోడ పక్కన నిలబెడతా ఉంటే నువ్వు వాళ్ళకు చుక్క కట్టిస్తావా?"

"కడతా అంటి గదా. ఊరికే అరవద్దు. బంక అడుగంటుతాది." అని గరిటె తిప్పుకుంది.

ఆ మాటకు నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె పట్టించుకోలేదు. దబ్బలు, కాగితాలు అన్నీ ఎత్తుకుని గొడ్ల కొట్టంలోకి పోయి తడిక అడ్డం పెట్టుకుంది. ఎద్దును బయట వేపచెట్టుకు కట్టేయించింది. మా నాయన రెండు సార్లు డోన్ పోయి కాగితం తెచ్చాడు. ఇంత కాగితం ఏలరా దేవుడా అని కూడా ఆయన అడగలేదు. నేను పంతానికి ఆ దిక్కు తొంగి చూడలేదు. బుధవారం పొద్దున దాకా ఆమె కూడు కూడా అక్కడికే తెప్పించుకుంది.

ఆ బుధవారమే ఇరవై నాలుగో తేదీ. సాయంత్రం గుడి ముందర నేల ఈనినట్టు జనం. పున్నమి దగ్గర పడింది, తూర్పున చంద్రుడు అప్పుడే పెద్దగా లేచాడు. పక్క ఊళ్ళ నుంచి ఎద్దుల బండ్లు కట్టుకుని వచ్చారు. పాటలు పాడేవాళ్ళు డోలకు బిగించుకుంటున్నారు. హంపమ్మవ్వ కొత్త చీర కట్టుకుని, అగ్గిపెట్టె పట్టుకుని స్తంభం దగ్గర ముందే నిలబడింది. లేవి చేతిలో లాంతరు తళతళలాడుతోంది. నేను రాకూడదనే అనుకున్నాను, అయినా వచ్చాను.

అత్త, నాయన చెరొక కొస పట్టుకుని చుక్కను మోసుకొచ్చారు. దాని మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఒక దుప్పటి కాదు, మూడు. ఏటా అత్త తల మీద పెట్టుకుని ఒక్కతే తెచ్చే వస్తువు ఈసారి మంచం అంత పొడవు ఎందుకు ఉందో నాకు అర్థం కాలేదు. స్తంభం కింద దించి అత్త దుప్పట్లు లాగేసింది.

ముందర ఎప్పటిలాగే ఎర్రటి అయిదు కొమ్ముల చుక్క. దాని వెనక, పసుపు కాగితం, తెల్ల కాగితం అంటించిన వెదురు చట్రం, మనిషి పొడవున వెడల్పవుతూ పోయిన తోక. కొసన సన్నగా కత్తిరించిన కాగితాలు గాలికి గలగలమంటున్నాయి.

డోలకు ఆగిపోయింది.

"ఏం పని ఇది జీవమ్మా?" అన్నాడు లేవి.

"చుక్క."

"తోక ఏల ఉండాది దానికి?"

"నా చుక్కకు తోక ఉండాదని నలభై ఎనిమిదేండ్ల నుంచి మీరే చెప్తాండారు గదా లేవన్నా. అందుకే కట్టినా," అంది మా అత్త. గొంతు పెంచలేదు. కానీ ఆమె చేతులు చెంగును నలుపుతున్నాయి.

"దేవుని గుడి మీద తోకచుక్కను ఎక్కిస్తావా? కోసెయ్ దాన్ని. ఎవురన్నా కొడవలి తెండప్పా!"

"కోస్తే కొయ్యి. చుక్కలోని దబ్బలే తోకలోకి సాగినాయి. ఒకటి కోస్తే అంతా ఊడి నీ చేతిలోకి వస్తాది." అత్త వంగి, కొమ్ముల మధ్య నుంచి తోక కొస దాకా విరగకుండా పోయిన పొడుగు దబ్బల్ని చూపించింది. "ఇంగ వెదురు లేదు, కాగితం లేదు, పొద్దు గుంకిపాయె. వేరేది కట్టేటోళ్ళు ఉంటే కట్టుకోండ్రి."

కట్టేవాళ్ళు ఎవరూ లేరు. నలభై మంది మొహాలు ఒకరినొకరు చూసుకున్నాయి. పక్క ఊరి బండ్ల దగ్గర నుంచి, "ఈ ఏడు చుక్క లేదంటనా?" అన్న మాట వినబడింది. లేవికి ఆ మాట సూదిలా దిగింది. పక్క ఊరి ముందర చిన్నబోవడం కన్నా మా లేవికి తోకచుక్క పెద్ద భయం కాదు. పాస్టరు గారి వైపు తిరిగాడు.

గాబ్రియేలు గారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈయన ఇప్పుడు చూద్దాం అంటే అక్కడే పడి ఏడ్చేదాన్ని. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు. "మిషన్ దొరసాని గారు వాళ్ళ సీమకు పోయినాక నాకొక క్రిస్మస్ కార్డు పంపించె. దాంట్లో బెత్లెహేము చుక్కకు తోక ఉండాది. పొడుగు తోక. జ్ఞానులకు దారి చూపించల్ల గదా, తోక లేకుంటే ఎట్ల?"

"అట్లనా?" అన్నారు జనం. "కార్డులో ఉండాదంట!" అని వెనక్కి చెప్పుకున్నారు. అందరి మొహాలూ తేటపడ్డాయి. నల్లబల్ల మోయించి, గొంతు చించుకుని, రెండు వందల ఏళ్ళ చరిత్ర చెబితే చెవికెక్కలేదు. దొరసాని పంపిన రంగుబొమ్మ ఒకటి చాలింది. నవ్వాలో ఏడవాలో తెలియక పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను.

"సరే, పొద్దు పోతాండాది. ముట్టియ్యమ్మా," అన్నాడు లేవి తల్లితో.

హంపమ్మవ్వ ఒక అడుగు ముందుకు వేసింది. మా అత్త పక్కకు తప్పుకోలేదు. ప్రతి ఏడూ ఆ మాట వినగానే గోడ దగ్గరికి పోయే మనిషి, చుక్కకు ఆనుకునే నిలబడింది.

"హంపక్కా, ఇది తోకచుక్క. చూడంగానే కొడవలి పడేసి ఉరికితివంట గదా అప్పుడు. ఇప్పుడు చేత్తో ముట్టుకుంటావా?"

ముసలామె చేయి గాలిలోనే ఆగింది.

"చూసినది నువ్వు. ఊరంతా చూసినారు. నేను అప్పటికి కండ్లన్నా తెరవలే," అంది అత్త. "చూసిన మీకెవురికీ దోషం అంటలేదు, చూడని నాకు అంటుకునె. సరే. నాకంటిందే గదా. ఇంగ నాకు కొత్తగా అంటేది ఏముండాది? మీకైతే జాగర్త."

హంపమ్మవ్వ తోకను చూసింది. గాలికి కాగితాలు గలగలమన్నాయి. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, అగ్గిపెట్టెను కాలుతున్న బొగ్గులా అత్త చేతిలోకి తోసింది. "నాకొద్దు తల్లీ. కట్టినదానివి నువ్వే ముట్టిచ్చుకో."

లేవి చుట్టూ చూశాడు. తన పెళ్ళాం వైపు చూస్తే ఆమె కొంగు సవరించుకుంటూ జనం వెనక్కి జరిగింది. మిగతా తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళూ అంతే. నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే ఏమనేదాన్నో అతనికి తెలుసు.

ఇదీ మా విజయం. ఎవరికీ బుద్ధి రాలేదు, ఎవరూ మనసు మార్చుకోలేదు. భయపడి ఇచ్చారు. నేను కోరుకున్నది ఇది కాదు. అర్థం చేసుకుని, తప్పయిందని చెప్పి, రమ్మని పిలుస్తారనుకున్నాను. మా అత్త నాకన్నా ఇరవై ఏళ్ళు ఎక్కువ చూసింది వీళ్ళను. వాళ్ళు ఇచ్చేదాకా కాచుకోకుండా, వాళ్ళు ఇవ్వక తప్పనట్టు కట్టింది.

రోజూ ఇంట్లో బుడ్డి వెలిగించే మనిషికి మొదటి పుల్ల విరిగింది. రెండోది గాలికి ఆరిపోయింది. మూడోదానికి నేను పోయి చేతులు అడ్డం పెట్టాను. లాంతరు అంటుకుంది. దాన్ని చుక్క గుండెలో తగిలించి, తలుపులాంటి కాగితం మూసి, చేయి వెనక్కి తీసుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మా నాయన తాడు లాగాడు. లేవి కూడా ఒక చేయి వేశాడు. ఎర్ర చుక్క, దాని వెనక పసుపు తోక, గాలికి ఊగుతూ పైకి పోయాయి. పక్క ఊరి వాళ్ళ బండ్ల దగ్గర అరుపులు, చప్పట్లు.

పాస్టరు గారు చేతులెత్తాడు. "పుల్లన్న ఇంటిని, జీవమ్మను దీవించు తండ్రీ," అన్నాడు. ఆమె పేరు గుడి ముందర నలుగురిలో పలకగా నేను వినడం అదే మొదలు. మా నాయన తాడు కట్టే నెపంతో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పాటలు మొదలయ్యాయి. అత్త తల వెనక్కి వంచి పైకి చూస్తూనే ఉంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. మూడు రోజులుగా మాట్లాడని సంగతి ఇద్దరం మరచిపోయాం.

"నిజమైనది ఇట్లనే ఉంటాదా పాపా?" అంది.

"ఏది?"

"తోకచుక్క. ఇన్నేండ్లు దాని పేరు మోస్తి గదా. ఎట్లుంటాదో నేను ఒక్క తూరి గూడ చూడలే. నువ్వు బల్ల మీద గీసి చూపిస్తివంట, నేను రాకపోతి. అందుకే అవ్వలు చెప్పుకుండేటివన్నీ గ్యాపకం చేసుకొని కట్టినా. సరిగ్గా కుదిరిందా?"

"కుదిరిందత్తా. శానా బాగుండాది."

"మల్ల వస్తాదంటివి గదా? నేను పుట్టినప్పుడు వచ్చినది. నాది."

ఆమెది రాదు. ఆమె కాదు కదా, నా మనవళ్ళ మనవళ్ళు కూడా దాన్ని చూడరు. ఆ ఏడాది రెండు వచ్చాయి, వాటిలో ఒకటి తిరిగి వస్తుంది, కాబట్టి ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊరంతటికీ నిజాలు చెప్పి విసిగిపోయిన నోరు ఈ ఒక్క మనిషి ముందర తడబడింది.

"వస్తాదత్తా. ఎనభై ఆరులో."

"అప్పటికి నాకెన్నేండ్లు?"

"డెబ్బయ్యారు."

ఆమె కాసేపు లెక్క వేసుకుంది. హంపమ్మవ్వ వైపు ఒకసారి చూసింది. హంపమ్మవ్వ డెబ్బై దాటి, కట్టె ఊతంగా నిలబడి, పైన వెలుగుతున్న తోకను నోరు తెరుచుకుని చూస్తోంది.

"అయితే ఉంటాలే," అంది మా అత్త. "మరచిపోకుండా నన్ను పిల్చుకొనిపోయి చూపియ్యి."

"చూపిస్తా," అన్నాను.